చలి ప్రాంతపు ద్రాక్షతోటలో వారసులు ముందు నేర్చుకునేది చలికాలాన్నే

మీ ప్రశ్న మొత్తం చదివాను. మీ అమ్మాయి రాజేంద్రనగర్‌లో హార్టికల్చర్ బీఎస్సీ పూర్తి చేసింది. వైన్ తయారీలో మాస్టర్స్ కోసం న్యూయార్క్ రాష్ట్రానికి వెళ్లాలనుకుంటోంది. అక్కడ ఫింగర్ లేక్స్ ప్రాంతంలో ఎక్కువగా కుటుంబాలు నడిపే తోటలే ఉంటాయని ఎవరో చెప్పారు. మంచు కురిసే చోట ద్రాక్ష ఎలా పండుతుంది, తాతలు చేసిన పనే మనవలు చేస్తుంటే అందులో కొత్తగా నేర్చుకోవడానికి ఏముంటుంది, బయటినుంచి వెళ్లిన మన పిల్లకు అక్కడ చోటు దొరుకుతుందా అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా ఆ ఫింగర్ లేక్స్ సరస్సుల చుట్టుపక్కల తోటల్లో, వైన్ పులియబెట్టి నిల్వచేసే సెల్లార్లలో పనిచేస్తున్నాను. మా పెద్దవాళ్లకు మేడ్చల్ వైపు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు ఉండేవి. రెండు చోట్లా తీగను దగ్గర్నుంచి చూసినవాడిగా వివరంగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట తీగ సంగతి. మన హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షకు నిద్ర అనేది ఉండదు. చలి చాలదు కాబట్టి ఏడాది పొడవునా చిగురిస్తూనే ఉంటుంది. అందుకే మనం రెండుసార్లు కత్తిరిస్తాం. ఏప్రిల్‌లో ఒకసారి కత్తిరించి కొత్త కొమ్మలు తెప్పిస్తాం, అక్టోబర్‌లో మళ్లీ కత్తిరించి కాపు తెప్పిస్తాం. మొగ్గలన్నీ ఒకేసారి పగలాలని హైడ్రోజన్ సైనమైడ్ అనే మందు పూస్తాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోత. అంటే మన రైతు చేసేది తీగను లేపే పని.

ఫింగర్ లేక్స్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. అక్టోబర్ చివరికి కోత అయిపోతుంది, నవంబర్‌లో ఆకు రాలుతుంది, తీగ నిద్రలోకి పోతుంది. అక్కడి నుంచి ఏప్రిల్ దాకా రైతు పని ఆ నిద్రను కాపాడటం. మొగ్గలోని నీరు మెల్లమెల్లగా తగ్గి, లోపల చక్కెరలు చిక్కబడతాయి. దాంతో మొగ్గకు చలిని తట్టుకునే బలం వస్తుంది. జనవరి నడిమధ్యలో ఆ బలం గట్టిగా ఉంటుంది. తెల్ల వైన్‌కు వాడే రీస్లింగ్ లాంటి రకం అప్పుడు మైనస్ 20 డిగ్రీల వరకూ పెద్దగా దెబ్బతినదు. అది దాటాక ప్రతి డిగ్రీకీ టెన్షనే. మధ్యలో నాలుగు రోజులు ఎండ కాసి వెచ్చబడిందనుకోండి, అందరూ హాయిగా ఉందంటారు, తోటవాళ్లకు మాత్రం అదే భయం. మొగ్గ కాస్త మెత్తబడుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా చలి పడితే మామూలుగా తట్టుకోగలిగే చలికే చచ్చిపోతుంది.

మీ అమ్మాయి అక్కడికి వెళ్తే ఒక జనవరి ఉదయం తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. చలి బాగా పడిన రాత్రి తర్వాత తోటలో వేర్వేరు చోట్ల నుంచి కొమ్మలు కోసుకొచ్చి, ఒకటి రెండు రోజులు వెచ్చని గదిలో ఉంచుతారు. దెబ్బతిన్న భాగం రంగు మారడానికి ఆ సమయం కావాలి. తర్వాత కొత్త బ్లేడు తీసుకుని ఒక్కో మొగ్గను అడ్డంగా, పల్చగా కోస్తారు. పైకి ఒకటే మొగ్గలా కనిపించినా లోపల మూడుంటాయి, మధ్యలో పెద్దది, దాని పక్కన చిన్నవి రెండు. పచ్చగా కనిపిస్తే బతికున్నట్టు. గోధుమ రంగులోనో నల్లగానో ఉంటే పోయినట్టు. పంటలో ఎక్కువ భాగం మధ్య మొగ్గ నుంచే వస్తుంది, పక్కనున్నది బతికితే కొంత పంట దక్కుతుంది, మూడోదాని వల్ల తీగ బతుకుతుందే తప్ప గెలలు పెద్దగా రావు. ఇలా వంద మొగ్గలు కోసి, కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్క కడతారు. వేళ్లు కొంకర్లు పోతాయి, కళ్లు లాగేస్తాయి. కానీ ఆ లెక్క మీదే ఆ ఏటి కత్తిరింపు ఆధారపడి ఉంటుంది. తీగకు 40 మొగ్గలు ఉంచడం అలవాటు అనుకుందాం. వందలో 30 చచ్చాయని తేలితే 57, 58 ఉంచాలి. అది తెలియకుండా అలవాటు చొప్పున కత్తిరిస్తే పంటను మన చేత్తోనే కోసి పారేసినట్టు.

నేను చూసిన మంచి వైన్‌మేకర్లందరికీ ఈ బ్లేడు పని వచ్చు. సెల్లార్‌లో ఎంత పేరున్నా ఇది రానివాళ్లను చలి ప్రాంతంలో పూర్తి వైన్‌మేకర్ అని నేను ఒప్పుకోను. ఎందుకంటే అక్కడ వైన్ సీసాలో ఏముంటుందో సగం జనవరిలోనే తేలిపోతుంది.

ఇంకా చాలా జాగ్రత్తలున్నాయి. నవంబర్‌లో అంటు కట్టిన చోటు మునిగేదాకా మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తారు. పైనంతా చచ్చినా ఆ మట్టికింద ఉన్న కొద్ది మొగ్గల నుంచి మంచి రకం మళ్లీ లేస్తుంది. వసంతంలో ఆ మట్టిని మళ్లీ లాగేయాలి, లేకపోతే పైరకానికే వేళ్లు వచ్చి అంటు కట్టిన ప్రయోజనం పోతుంది. తీగకు ఒక్క కాండం కాకుండా రెండు పెంచుతారు. చలికి కాండం చీలితే ఆ గాయంలోంచి క్రౌన్ గాల్ అనే రోగం వస్తుంది, బుడిపెలు కట్టి రసం పారకుండా చేస్తుంది. రోగం వచ్చిన కాండాన్ని తీసేసి, కింద నుంచి కొత్తది పెంచుకుంటూ రెండోదాని మీద పంట తీసుకుంటారు. మన పందిరి మీద ఒకటే లావుపాటి కాండం చూసి పెరిగిన నాకు ఇది మొదట్లో వింతగా ఉండేది.

అసలు అక్కడ ద్రాక్ష పండటానికి కారణం ఆ సరస్సులు. మంచుయుగంలో హిమానీనదాలు తొలిచిన పొడవాటి, సన్నటి, లోతైన సరస్సులవి, మొత్తం 11. సెనెకా సరస్సు లోతు 188 మీటర్లు. అంత నీరు త్వరగా చల్లబడదు, చాలా చలికాలాల్లో పూర్తిగా గడ్డకట్టదు కూడా. ఆ నీటి వెచ్చదనం ఒడ్డున ఉన్న వాలును కాస్తుంది. చల్లగాలి బరువుగా ఉంటుంది కాబట్టి వాలు మీద నిలవకుండా కిందికి జారిపోతుంది. వసంతంలో మళ్లీ అదే నీరు చల్లగా ఉండి మొగ్గ తొందరపడి పగలకుండా ఆపుతుంది, దాంతో చాలా ఏళ్లు మే నెల మంచు నుంచి తప్పించుకుంటారు. ప్రతి ఏడూ తప్పించుకోలేరు. 2023 మే 18 తెల్లవారుజామున పడిన మంచుకు అప్పటికే బయటికొచ్చిన లేత చిగుళ్లు చాలా తోటల్లో మాడిపోయాయి. సరస్సుకు దగ్గరగా, వాలు బాగున్న చోట్ల నష్టం తక్కువ, లోపలికి పోయినకొద్దీ ఎక్కువ. తోట ఎక్కడ పెట్టాలని ఒక తాత ఎప్పుడో తీసుకున్న నిర్ణయం మనవరాలి చేతికి ఆ ఉదయం ఫలితంగా వచ్చింది.

ఇక కుటుంబాల సంగతికి వస్తాను. మీరు అడిగిన రెండో ప్రశ్నకు సమాధానం నా సొంత మాటల్లో చెప్పడం కంటే ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన ఒక కుటుంబం కథ చెబితే బాగా అర్థమవుతుంది. ఆ సరస్సుల్లో ఒకటైన క్యూకా పడమటి ఒడ్డున, హామండ్స్‌పోర్ట్ ఊరికి దగ్గర్లో డాక్టర్ కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ వైనరీ ఉంది. ఇప్పుడు నాలుగో తరం చేతుల్లోకి వస్తోంది.

కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ 1899లో ఉక్రెయిన్‌లో, జర్మన్ మూలాలున్న కుటుంబంలో పుట్టారు. చలి ప్రాంతాల్లో యూరప్ ద్రాక్ష పండించడం మీదే ఆయన చదువు, పరిశోధన. 1951లో భార్యతో, ముగ్గురు పిల్లలతో అమెరికా చేరారు. అప్పటికి ఆయనకు 50 దాటాయి, చాలా భాషలు వచ్చు కానీ ఇంగ్లీష్ రాదు. న్యూయార్క్ నగరంలో గిన్నెలు కడిగారు. తర్వాత ఫింగర్ లేక్స్‌లోనే జెనీవా అనే ఊళ్లో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెళ్లి ద్రాక్ష గురించి చెప్పబోతే, ఆయనకు దొరికింది కూలిపని లాంటి ఉద్యోగం. బ్లూబెర్రీ మొక్కల దగ్గర కలుపు తీశారు.

ఆ రోజుల్లో అక్కడి నిపుణులందరిదీ ఒకటే మాట. రీస్లింగ్, షార్డనే, పినో నువార్ లాంటి యూరప్ రకాలు ఈ చలికి బతకవు, కాంకర్డ్, కటాబా లాంటి స్థానిక రకాలూ, యూరప్, అమెరికా ద్రాక్షలను కలిపి పుట్టించిన ఫ్రెంచ్ హైబ్రిడ్లూ పెంచుకోవాల్సిందే అనేవారు. అది ఊరికే పుట్టిన మాట కాదు, అమెరికా తూర్పు తీరంలో తరాల తరబడి యూరప్ తీగలు తెచ్చి నాటడం, అవి చావడం జరుగుతూనే వచ్చింది. ఫ్రాంక్ మాత్రం ఉమ్మేస్తే నేలపడేలోపే గడ్డకట్టే చోట తాను పండించానని అనేవారట, ఆ మాట అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన వాదన ఏమిటంటే, చలి ఒక్కటే కారణం కాదు, సరైన రూట్‌స్టాక్ మీద, అంటే కింద వేరుగా ఉండే మొక్క మీద, అంటు కట్టకపోవడం వల్ల కొమ్మ సమయానికి ముదరడం లేదు, ముదరని కొమ్మే చలికి చస్తోంది.

ఆయన మాట చెవిన పెట్టింది చార్లెస్ ఫోర్నియే. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో వవ్ క్లికో అనే వైన్ సంస్థలో పనిచేసి వచ్చి, హామండ్స్‌పోర్ట్‌లో గోల్డ్ సీల్ అనే పెద్ద వైన్ సంస్థను నడిపిస్తున్న ఫ్రెంచి ఆయన. ఇద్దరికీ ఫ్రెంచ్ వచ్చు, మాట కలిసింది. ఫ్రాంక్‌ను పనిలోకి తీసుకున్నారు. చలికి తట్టుకునే రూట్‌స్టాక్ కోసం ఇద్దరూ ఊళ్లు పట్టుకుని తిరిగారు. కెనడాలోని క్యుబెక్‌లో ఒక కాన్వెంట్ తోటలో పినో నువార్ బతికి ఉండటం చూసి అక్కడి వేళ్లను తెచ్చారు. ఎన్నో రకాలు, ఎన్నో వేళ్లు కలిపి వేల అంట్లు కట్టారు. 1957 ఫిబ్రవరిలో ఆ కొండల మీద మైనస్ 32 డిగ్రీల చలి పడింది. గట్టివని పేరున్న స్థానిక రకాల తీగలు కొన్ని ఆ ఏడాది కాపే ఇవ్వలేదు. వీళ్లు అంటు కట్టిన రీస్లింగ్, షార్డనేల్లో మొగ్గల నష్టం స్వల్పం. దాంతో వాదన ముగిసిపోయింది. ఆ తర్వాత ఫ్రాంక్ సొంత భూమి కొని 1958 నుంచి తీగలు నాటారు, 1962లో సొంత వైనరీ మొదలుపెట్టారు.

ఇక్కడిదాకా ఎవరైనా చెప్తారు. మీ అమ్మాయికి పనికొచ్చే భాగం దీని తర్వాతే మొదలవుతుంది.

కాన్‌స్టాంటిన్ స్వభావరీత్యా పరిశోధకుడు. పదుల కొద్దీ రకాలు నాటి, ఏది బతుకుతుందో ఏది బతకదో చూడాలన్నదే ఆయన తపన. కొడుకు విల్లీకి చేతికొచ్చేసరికి తోటలో ఎన్నో రకాలు, అమ్ముడుపోయేవి కొన్నే. విల్లీ రకాలు తగ్గించారు, వైన్‌ను తీసుకెళ్లి రెస్టారెంట్ల తలుపులు తట్టారు. అంతకంటే ముఖ్యంగా 1985లో షాటో ఫ్రాంక్ పేరుతో షాంపేన్ పద్ధతిలో నురగ వైన్ మొదలుపెట్టారు. ఇందులో ఉన్న తెలివి చూడండి. చలి ప్రాంతంలో ద్రాక్ష పూర్తిగా పండకముందే చలి ముంచుకొస్తుంది, కాయలో పులుపు ఎక్కువ, చక్కెర తక్కువ. మామూలు వైన్‌కు అది లోపం. నురగ వైన్‌కు కావాల్సిందే అది. అలాంటి కాయనే కోసి, సీసాలోనే రెండోసారి పులియబెడతారు. తండ్రి చలిని జయించాలని చూస్తే, కొడుకు చలి ఇచ్చిన పులుపును వాడుకున్నాడు. ఒకే ఇంట్లో, ఒకే తోట మీద రెండు వేర్వేరు ఆలోచనలు.

మూడో తరం ఫ్రెడ్ ఫ్రాంక్. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదివి, జర్మనీలోని గైసెన్‌హైమ్‌లో ద్రాక్షసాగు నేర్చుకుని, 1993 నుంచి సంస్థ బాధ్యతలు తీసుకున్నారు. ఆయన కాలంలో వివిధ దేశాల నుంచి వచ్చిన వైన్‌మేకర్లు ఆ సెల్లార్‌లో పనిచేశారు. ఇంటిపేరు ఫ్రాంక్ అయినా వైన్ చేసిన చేతులన్నీ ఇంటివి కావు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మీ మూడో ప్రశ్న దగ్గర మళ్లీ వస్తుంది.

నాలుగో తరం మేగన్ ఫ్రాంక్. కార్నెల్‌లో డిగ్రీ తర్వాత ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్‌లో వైన్ వ్యాపారంలో మాస్టర్స్ చేసి, మళ్లీ కార్నెల్‌కు వచ్చి వైన్ తయారీ శాస్త్రంలో ఇంకో మాస్టర్స్ చేశారు. ఇంట్లోనే తోట, సెల్లార్ ఉన్న పిల్లకు అన్ని చదువులు ఎందుకనిపిస్తుంది. నా అభిప్రాయంలో అదే ఆ కుటుంబం బలం. ముత్తాత నాటిన తీగలున్నాయని చెప్పుకుంటూ కూర్చోవచ్చు. కానీ ఏ భాగంలోని రీస్లింగ్ ఏ రుచి ఇస్తోంది, దాన్ని విడిగా సీసాకు పట్టాలా, అందరితో కలపాలా అన్నది తేల్చడానికి రసాయనం తెలియాలి, మార్కెట్ తెలియాలి, పక్కదేశంలో వాళ్లు ఏం చేస్తున్నారో చూసి ఉండాలి. ఇప్పుడు ఆ వైనరీ ఒకే తోట పేరుతో వేరుగా చేసే రీస్లింగ్‌లలో ఒకదానికి యుజీనియా అని పేరు పెట్టారు. యుజీనియా కాన్‌స్టాంటిన్ గారి భార్య, మేగన్‌కు ముత్తవ్వ.

కాబట్టి తాతలు చేసిందే చేస్తారా అన్న మీ ప్రశ్నకు నా సమాధానం, చేయరు, చేస్తే నిలబడరు. మొదటి తరం బతికించడం మీద, రెండో తరం ఏది ఉంచాలి ఏది పీకేయాలి అన్నదాని మీద, మూడో తరం వేర్వేరు దేశాల వైన్‌మేకర్లను సెల్లార్‌లోకి తేవడం మీద, నాలుగో తరం నేలలోని చిన్నచిన్న తేడాల మీద దృష్టి పెట్టాయి. తోటలో ఒక చిక్కు ఏమిటంటే ఈ నిర్ణయాలకు ఫలితం చాలా ఆలస్యంగా వస్తుంది. రీస్లింగ్ నాటితే మూడో ఏడాదికి కాస్త కాయ, ముదిరిన తీగ ఇచ్చే చిక్కదనం రావడానికి దశాబ్దాలు. 1958 నాటి వేళ్లు ఇవాళ మునిమనవరాలికి పనికొస్తున్నాయి. ఇవాళ ఆమె పీకించి కొత్తగా నాటించిన వరస ఆమె పిల్లలకు పనికొస్తుంది. ఎండలు మారుతున్నాయి, చలి రాత్రులు తగ్గినా వసంతపు మంచు బెడద అలాగే ఉంది. 2024 జనవరిలో కెనడాలోని ఒకానగన్ లోయలో పడిన చలికి ఆ ఏటి పంట దాదాపు మొత్తం పోయింది, అక్కడి కుటుంబాలు ఏ రకం మళ్లీ నాటాలో తెలియక ఎంత నలిగిపోయాయో ఈ వృత్తిలో ఉన్నవాళ్లం అందరం చూశాం.

ఇక్కడ ఒక చట్టం గురించి చెప్పాలి, లేకపోతే ఆ కుటుంబ తోటలు ఎలా బతుకుతున్నాయో అర్థం కాదు. ఒకప్పుడు అక్కడి రైతులు కాయను టన్నుల లెక్కన పెద్ద కంపెనీలకు తోలేవారు. ధర కంపెనీ చెప్పిందే. 1976లో న్యూయార్క్ రాష్ట్రం ఫామ్ వైనరీ చట్టం తెచ్చింది. దాంతో చిన్న రైతు తన ద్రాక్షతో తనే వైన్ చేసి, తన తోటలోనే నేరుగా జనానికి అమ్ముకునే వీలు వచ్చింది. అప్పటికి రాష్ట్రంలో వైనరీలు 20 లోపే, ఇప్పుడు 400 పైచిలుకు. ఆ తర్వాతి ఏళ్లలో పెద్ద కంపెనీలు చేతులు మారి కాయ కొనడం తగ్గించినప్పుడు, సొంతంగా సీసాకు పట్టడం నేర్చుకున్న కుటుంబాలు నిలబడ్డాయి. మన దగ్గర రంగారెడ్డి జిల్లా పందిళ్లు భూమి ధరల దెబ్బకు ప్లాట్లయిపోయాయి. కాయ మాత్రమే అమ్ముకున్న రైతుకు భూమిని పట్టుకుని కూర్చునేంత ఆదాయం రాలేదు. నాకు ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే ఆ చట్టం విలువ నాకు బాగా తెలుసు.

అందువల్ల అక్కడ వారసులు శనివారాలు టేస్టింగ్ రూమ్ కౌంటర్ వెనక నిలబడాల్సిందే. వచ్చినవాళ్లకు కొద్దికొద్దిగా పోసి, ఇది ఎందుకు పుల్లగా ఉంది, ఇది ఎందుకు తియ్యగా ఉంది అని విసుక్కోకుండా చెప్పాలి. కొంతమందికి ఇది చిన్నతనంగా అనిపిస్తుంది. ఇంటి బతుకంతా ఆ కౌంటర్ మీదే ఉంది.

సెల్లార్ సంగతి కాస్త చెప్తాను. రీస్లింగ్ కోత సెప్టెంబర్ చివర్నుంచి అక్టోబర్ దాకా సాగుతుంది. అప్పుడు వానలు, తేమ, కుళ్లు. బూజు తెగులు, బూడిద తెగులు మనకు ఎంత తెలుసో వాళ్లకూ అంతే తెలుసు, ఆ విషయంలో మీ అమ్మాయి బీఎస్సీలో చదివింది నేరుగా పనికొస్తుంది. కోత తేదీ నిర్ణయించడమే అసలు పరీక్ష. మిషన్‌లో చక్కెర, పులుపు అంకెలు వస్తాయి. అవి చూశాక కూడా వరసల్లో నడుస్తూ కాయ నోట్లో వేసుకుని, గింజ ఉమ్మి దాని రంగు చూడాలి. ఎల్లుండి వాన అని వాతావరణ శాఖ చెప్తుంది. ఇంకో నాలుగు రోజులు ఆగితే పులుపు తగ్గి వాసన పెరుగుతుంది, ఆగితే గెల కుళ్లవచ్చు. ఆ పూట పెద్దాయన కోసేద్దామంటారు, పిల్లలు ఆగుదామంటారు, లేదంటే అటుది ఇటు. నేను పనిచేసిన చోట్ల ఇలాంటి రాత్రులు ఇంట్లో అన్నం దగ్గర మాటలుండవు.

రసం తీశాక రాత్రంతా చల్లగా ఉంచి మడ్డి దిగనిస్తారు. తర్వాత తక్కువ ఉష్ణోగ్రతలో, 15 డిగ్రీల అటూఇటూ, వారాల తరబడి మెల్లగా పులియనిస్తారు. వేడిగా తొందరగా పులిస్తే పూల వాసన, పండు వాసన గాలిలో కలిసిపోతాయి. రీస్లింగ్‌లో పులుపు ఎక్కువ కాబట్టి కొంత చక్కెర మిగలగానే చల్లబరిచి పులియడం ఆపేస్తారు కొన్నిసార్లు. ఎక్కడ ఆపాలన్నది నాలుకకు తెలియాలి. మన పచ్చిపులుసులో బెల్లం లాగా, తీపి తెలియకుండా పులుపును సర్దాలి. అందులో ప్రతి తరానికీ ఒక్కో రుచి. వెనకటివాళ్లు కొంచెం తీపి ఉంచేవారు, ఇప్పటివాళ్లలో చాలామంది తీపి మిగలని డ్రై వైన్ వైపు మొగ్గుతున్నారు. రెండూ సరైనవే, తోట ఏమిచ్చిందో చూసి చేసినంతవరకు.

మిగిలిన సెల్లార్ పనిలో అధికభాగం కడగడమే. ట్యాంకులు, పైపులు, ప్రెస్సు, నేల. కోతకాలంలో రోజుకు పన్నెండు గంటలు దాటుతుంది. పులుస్తున్న ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ నిండి ఉంటుంది, చూసుకోకుండా తల పెడితే ప్రాణం పోతుంది. ఇవి కరపత్రాల్లో రాయరు, ముందే చెప్పండి అమ్మాయికి.

మీరు ప్రశ్నలో నేరుగా రాయలేదు కానీ చుట్టాలు ఏమనుకుంటారో అన్న బెంగ మాటల మధ్యలో కనిపించింది. ఆడపిల్ల మద్యం పనిలోకి వెళ్తోందని అనేవాళ్లు అంటారు. ఈ వృత్తిలో రుచి చూసి ఉమ్మేస్తారు, రోజుకు పదుల నమూనాలు చూసేవాళ్లు తాగితే పని జరగదు. ఇది వ్యవసాయం, రసాయనశాస్త్రం, సూక్ష్మజీవుల శాస్త్రం కలిసిన చదువు. నాకు తెలిసిన సెల్లార్లలో చాలామంది ఆడవాళ్లే ముందుండి నడిపిస్తున్నారు. వద్దనుకుంటే తాగకుండానే ఈ పని చేయొచ్చు, నాలుకకు శిక్షణ ఉంటే చాలు. తల్లిదండ్రులుగా మీరు ఈ విషయంలో నిబ్బరంగా నిలబడితే ఆ అమ్మాయికి సగం బరువు తగ్గుతుంది.

ఇక బయటివాళ్లకు చోటుంటుందా అన్న ప్రశ్న. సెనెకా సరస్సు పడమటి ఒడ్డున హెర్మన్ వీమర్ వైనరీ ఉంది. వీమర్ జర్మనీలోని మోజెల్ ప్రాంతంలో ద్రాక్ష నారు పెంచే ఇంటి నుంచి వచ్చి, 1979లో ఇక్కడ తన వైనరీ తెరిచారు. 2007లో ఆయన దాన్ని అప్పగించింది తన దగ్గర వైన్‌మేకర్‌గా పనిచేస్తున్న ఫ్రెడ్ మెర్వార్త్‌కు, ఆయన సహచరుడు ఆస్కర్ బింకేకు. రక్తసంబంధం లేదు. అయినా తోట నాణ్యత పడిపోలేదు, ఇంకా పైకి వెళ్లింది. ఒక తోటకు వారసుడు ఇంట్లోనే పుట్టాలని లేదు. కానీ ఇలా నమ్మి అప్పగించాలంటే ఆ మనిషి చలికాలంలో కూడా తోటలో కనిపించి ఉండాలి. కోతకు మాత్రమే వచ్చి పోయేవాళ్లు ఏటా వస్తారు, వాళ్ల పేర్లు కూడా గుర్తుండవు.

చదువు విషయానికొస్తే కార్నెల్ మంచి చోటు. ఫ్రాంక్ గారు కలుపు తీసిన ఆ జెనీవా పరిశోధన కేంద్రం కార్నెల్‌లో భాగమే. ఏ రకం మొగ్గ ఎంత చలి తట్టుకోగలదో ఇప్పుడు చలికాలమంతా రైతులకు లెక్కలు కట్టి చెప్పేది కూడా కార్నెల్ వాళ్లే. గైసెన్‌హైమ్, ఆడిలైడ్, న్యూజిలాండ్‌లోని లింకన్ కూడా చూడొచ్చు. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే ముందు పుణె దగ్గరున్న జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రంలో గానీ నాశిక్ వైనరీల్లో గానీ ఒక సీజన్ పనిచేయమనండి. మన దగ్గర ఉప్పు నేలకు, నీటి ఎద్దడికి డాగ్రిడ్జ్ లాంటి రూట్‌స్టాక్ వాడతారు కదా, అది చేత్తో చేసి వెళ్తే చలికి రూట్‌స్టాక్ ఎలా ఎంచుకుంటారో అక్కడ వెంటనే పట్టుకుంటుంది. ఊరికే బీఎస్సీ మార్కులు చూపించే పిల్లకూ ఈ పిల్లకూ ఇంటర్వ్యూలో తేడా తెలుస్తుంది.

మాస్టర్స్ అయ్యాక వీలుంటే ఒక కోత దక్షిణార్ధగోళంలో చేయమనండి. న్యూజిలాండ్, టాస్మేనియాల్లో కోత మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. అలా ఒకే ఏడాదిలో రెండు కోతలు చూడొచ్చు. ఒక వైన్‌మేకర్ జీవితమంతా పనిచేసినా నలభై కోతలు చూస్తే గొప్ప. మొదటి పదేళ్లలో ఎన్ని ఎక్కువ చూస్తే అంత మంచిది. మేగన్ తరం వాళ్లలో చాలామంది ఇలాగే దేశాలు తిరిగి ఇంటికి చేరారు.

ఉద్యోగానికి ఉత్తరాలు రాయడం వసంతంలోనే మొదలుపెట్టాలి, జూలై దాటితే కోతకాలపు ఖాళీలు నిండిపోతాయి. పెద్ద పేరున్న చోటు కంటే, తోటా సెల్లారూ ఒకే కుటుంబం చేతిలో ఉన్న మధ్యస్థాయి చోటు వెతకమనండి. మాట్లాడేటప్పుడు మూడు విషయాలు అడగాలి. కోత తేదీ ఎవరు నిర్ణయిస్తారు, ఆ నడకలకు నన్నూ తీసుకెళ్తారా? కోత అయ్యాక చలికాలం ఉండి కత్తిరింపు నేర్చుకునే వీలుందా? గత మూడు చలికాలాల్లో మీ రీస్లింగ్ మొగ్గల నష్టం ఎంత, లెక్కలు చూపిస్తారా? మూడో ప్రశ్నకు నోట్‌బుక్ తీసి చూపించే ఇంట్లో చేరమనండి, జీతం కాస్త తక్కువైనా సరే. వీసా, ఫీజుల వివరాలు మీ అమ్మాయి విశ్వవిద్యాలయం ఆఫీసులోనే అడగడం మంచిది, అవి ఏటా మారుతుంటాయి. తోట పని గురించి ఇంకేమైనా సందేహాలుంటే ఇక్కడే రాయండి, మందపాటి చేతి తొడుగులు ఎక్కడ కొనాలన్న దగ్గర్నుంచి అన్నీ చెప్తాను.